కుటుంబంతో విమాన ప్రయాణం: ఒక పెట్టె రాకపోయినా ఇబ్బంది పడకుండా సర్దుకోవడం ఎలా?

ఒకసారి మేము నలుగురం విమానం దిగి సామాను బెల్టు దగ్గర నిలబడ్డాం. మూడు పెట్టెలు వచ్చాయి, నాలుగోది రాలేదు. పిల్లలిద్దరి బట్టలు, చిన్నదాని జ్వరం మందు, రాత్రి అది హత్తుకుని పడుకునే బొమ్మ, అన్నీ ఆ నాలుగో పెట్టెలోనే ఉన్నాయి. పెట్టె మా చేతికి అందడానికి రెండు రోజులు పట్టింది. పెద్దవాళ్ళ బట్టలు కావలసినన్ని ఉన్నాయి, పిల్లలకు మార్చడానికి మాత్రం ఒక్క జత లేదు. బొమ్మ కోసం ఏడ్చి ఏడ్చి పడుకున్న ఆ రాత్రి నాకు ఇంకా గుర్తుంది.

అప్పటి నుంచి నేను సర్దే పద్ధతి మారిపోయింది. ఏ ఒక్క పెట్టె రాకపోయినా ఇంట్లో ఏ ఒక్కరికీ రెండు రోజుల పాటు లోటు రాకూడదు. కింద చెప్పేవి చాలావరకు ఈ ఒక్క లెక్కలోంచి వచ్చినవే.

టికెట్ కొన్న రోజే

పెట్టెలు దించకముందే కాగితాలు చూడాలి. అందరి పాస్‌పోర్టులూ బల్ల మీద పరిచి, టికెట్లు పక్కన పెట్టుకుని పేర్లు అక్షరం అక్షరం సరిచూడండి. ఇంటిపేరు ముందూ వెనకా అయినా, ఒకచోట పొడి అక్షరం ఉండి ఇంకోచోట పూర్తి పేరు ఉన్నా వెంటనే విమాన సంస్థతో మాట్లాడి సరిచేయించుకోండి. ఇప్పుడైతే ఒక ఫోన్‌తో పోయే పని. కౌంటర్ దగ్గర బయటపడితే ప్రయాణమే ఆగిపోవచ్చు.

విదేశానికైతే గడువు తేదీ కూడా చూడండి. చాలా దేశాలు పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువు మిగిలి ఉండాలంటాయి. పెద్దవాళ్ళవి చూసి పిల్లలవి చూడటం మర్చిపోతుంటాం. చాలా చోట్ల పిల్లల పాస్‌పోర్టు పెద్దవాళ్ళ దానికంటే ముందే గడువు తీరుతుంది. చంటిబిడ్డకైనా సొంత పాస్‌పోర్టు ఉండాల్సిందే. దారిలో విమానం మారాల్సి ఉంటే ఆ మధ్య దేశానికి ట్రాన్సిట్ వీసా కావాలేమో కూడా కనుక్కోండి. పిల్లలతో తల్లి ఒక్కతే, లేదా తండ్రి ఒక్కడే వెళ్తుంటే రెండోవారు సంతకం చేసిన అనుమతి లేఖ దగ్గర ఉంచుకోవడం మంచిది. కొన్ని దేశాల్లో దాన్ని అడుగుతారు.

రెండేళ్ళ లోపు బిడ్డ ఒడిలో కూర్చుని ప్రయాణం చేయొచ్చు. రెండు నిండాక సొంత సీటు ఉండాలి. వెళ్ళేటప్పుడు ఇరవై మూడు నెలలు, తిరిగొచ్చేటప్పుడు రెండేళ్ళు నిండితే? తిరుగు ప్రయాణానికి సీటు కొనాల్సి వస్తుంది. పుట్టినతేదీ పక్కన తిరుగు టికెట్ తేదీ పెట్టి చూసుకోండి.

అడిగి తీసుకోవాల్సినవి కూడా ఈరోజే అడగండి. దూరప్రయాణపు విమానాల్లో కొన్ని వరసల ముందు గోడకు చంటిపిల్లల ఉయ్యాల తగిలిస్తారు. అవి కొన్నే ఉంటాయి, వాటికి బరువు పరిమితి ఉంటుంది, ముందు అడిగినవారికే దొరుకుతాయి. అమ్మమ్మో తాతయ్యో వస్తుంటే వీల్‌చైర్ సాయం కనీసం 48 గంటల ముందు చెప్పాలి. చెప్పేటప్పుడు ఏ రకం సాయమో కూడా చెప్పండి. మెట్లు ఎక్కగలరు గానీ ఎక్కువ దూరం నడవలేరంటే దాన్ని డబ్ల్యూసీహెచ్‌ఆర్ అంటారు. మెట్లు కూడా ఎక్కలేకపోతే డబ్ల్యూసీహెచ్‌ఎస్. సీటు దాకా తీసుకెళ్ళాల్సి ఉంటే డబ్ల్యూసీహెచ్‌సీ. ఇది సరిగ్గా నమోదు కాకపోతే మెట్లు ఎక్కలేని మనిషిని నిచ్చెన మెట్ల ముందు నిలబెట్టే పరిస్థితి వస్తుంది. గర్భిణులు ఉంటే, 28 వారాలు దాటాక చాలా సంస్థలు డాక్టరు లేఖ అడుగుతాయి. 36 వారాల తర్వాత ఎక్కువ సంస్థలు ఎక్కించుకోవు, కవలలైతే ఆ గడువు ఇంకా ముందే వస్తుంది.

బరువు లెక్క

టికెట్ మీద లగేజీ వివరం రెండు రకాలుగా రాసి ఉంటుంది. కొన్నిటిలో మొత్తం ఇన్ని కిలోలు అని, కొన్నిటిలో ఇన్ని పెట్టెలు, ఒక్కోటి ఇన్ని కిలోలు అని. మొదటి రకంలో ఒక పెట్టె బరువెక్కినా ఇంకోటి తేలిగ్గా ఉంటే సరిపోవచ్చు. రెండో రకంలో అది కుదరదు. రెండు పెట్టెలకు 23 కిలోల చొప్పున ఇచ్చినప్పుడు ఒకటి 27, ఇంకోటి 15 ఉంటే ఆ 27కి అదనపు రుసుము కట్టాలి. ఎంత కడతామన్నా 32 కిలోలు దాటిన పెట్టెను చాలా చోట్ల తీసుకోరు, ఎత్తే సిబ్బంది నడుములు దెబ్బతినకుండా పెట్టిన హద్దు అది.

క్యాబిన్ బ్యాగుకు చాలా సంస్థలు 7 కిలోలే ఇస్తాయి. కొలత కూడా చూస్తారు. ఆ కొలతలో చక్రాలు, పిడి కూడా లెక్కలోకి వస్తాయని చాలామందికి తెలియదు. దారిలో సంస్థలు మారుతుంటే అన్నిటిలోకీ తక్కువ పరిమితి ఉన్నదాన్నే పట్టుకుని సర్దండి.

కొక్కెం తగిలించి తూచే చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనండి. నా దృష్టిలో కుటుంబ ప్రయాణానికి ఇంతగా పనికొచ్చే వస్తువు ఇంకోటి లేదు. పరిమితి 23 ఉంటే ఇంట్లో 22 దగ్గర ఆపేయండి.

పెట్టెల్లో మనుషులను కలపండి

అందరం చేసే పని ఒకటుంది. నాన్న పెట్టె, అమ్మ పెట్టె, పిల్లల పెట్టె అని విడదీస్తాం. వెతుక్కోవడానికి సులువే. కానీ ఒక పెట్టె ఆలస్యమైతే ఒక మనిషికి సంబంధించిన సర్వస్వం ఆగిపోతుంది. మాకు జరిగింది అదే.

అందుకే ఇలా చేయండి. మంచం మీద మనిషికో కుప్ప పెట్టండి. ప్రతి కుప్పనూ రెండు భాగాలు చేయండి. జిప్పు ఉన్న గుడ్డ సంచులు మనిషికి ఒక రంగు చొప్పున తీసుకుని ఒక భాగం ఒక పెట్టెలోకి, రెండో భాగం ఇంకో పెట్టెలోకి పంపండి. పాపది ఎర్ర సంచి, బాబుది నీలం సంచి అనుకుంటే, రెండు పెట్టెల్లోనూ ఎరుపూ నీలమూ ఉండాలి. వెతుకులాట కూడా తగ్గుతుంది, ఎందుకంటే రంగు చూసి సంచి లాగితే చాలు. డైపర్ల కట్ట కూడా ఇలాగే రెండుగా విడిపోవాలి.

ఎన్ని జతలు? ఎన్ని రోజులు వెళ్తున్నా ఐదారు రోజుల బట్టలు సర్ది, మధ్యలో ఉతుక్కోవడం మేలు. పిల్లలకు మాత్రం ఒకటి రెండు జతలు ఎక్కువ పెట్టండి. పెద్దవాళ్ళు ఒకే ప్యాంటుతో మూడు రోజులు గడిపేస్తారు, మూడేళ్ళ బిడ్డ ఒక పూటకే మూడు మారుస్తుంది.

బరువైనవి చక్రాల వైపు అడుగున పెట్టండి, పెట్టె నిలబెట్టినప్పుడు ముందుకు పడిపోకుండా ఉంటుంది. షాంపూ, నూనె లాంటి సీసాల మూత తీసి, నోటి మీద చిన్న ప్లాస్టిక్ ముక్క పెట్టి మళ్ళీ మూత బిగించండి. విమానం ఎత్తుకు వెళ్ళినప్పుడు సీసాలోని గాలి వ్యాకోచించి ద్రవాన్ని బయటికి నెడుతుంది, అందుకే కొత్త సీసాలు కూడా కారుతుంటాయి. తర్వాత దాన్ని జిప్పు కవరులో వేసి, బట్టల మధ్య కాకుండా విడిగా పెట్టండి. కత్తెర, గోళ్ళు తీసుకునే సామాను, చిన్న కత్తులు ఈ పెట్టెల్లోకే వెళ్ళాలి. చేతి సంచిలో ఉంటే వదిలేసి రావాల్సి రావచ్చు.

ఇక పెట్టె మీద పేరు, ఫోన్ నంబరు రాసిన చీటీ కడతాం కదా, అదే చీటీ ఇంకొకటి పెట్టె లోపల బట్టల పైన కూడా పెట్టండి. పైచీటీ తెగిపోతే పెట్టె తెరిచి చూసేవాళ్ళకు ఆ లోపలి చీటీయే ఆధారం. చేరే చోటి చిరునామా కూడా రాయండి. పాత ప్రయాణాల స్టిక్కర్లు, బార్‌కోడ్ ముక్కలు పూర్తిగా పీకేయండి. వాటిని యంత్రం చదివితే పెట్టె దారి తప్పుతుంది. మూసేముందు తెరిచిన పెట్టెకు ఒక ఫొటో, మూసిన తర్వాత బయట నుంచి ఇంకో ఫొటో తీసుకోండి.

చేతి సంచిలోనే ఉండాల్సినవి

నగలు, నగదు, ల్యాప్‌టాప్, కెమెరా, ఇంటి తాళాలు, అసలు పత్రాలు. వీటిని చెక్‌ఇన్ పెట్టెలో పెట్టి పోగొట్టుకుంటే బాధ్యత లేదని చాలా సంస్థలు టికెట్ షరతుల్లోనే రాసుకుంటాయి.

మందుల గురించి కాస్త వివరంగా చెప్పాలి. రోజూ వేసుకునే మందులు మొత్తం ప్రయాణానికి సరిపడా, పైన ఇంకో వారానికి కలిపి చేతి సంచిలో పెట్టండి. డబ్బాల్లో కలిపి పోయకుండా కంపెనీ స్ట్రిప్పుల్లోనే ఉంచండి, డాక్టరు చీటీ జత చేయండి. చీటీలో మందు బ్రాండు పేరుతో పాటు అసలు రసాయనం పేరు ఉండేలా రాయించుకుంటే మంచిది, బ్రాండ్లు దేశానికో పేరుతో ఉంటాయి. ఒక దేశంలో మామూలుగా దొరికే మందు ఇంకో దేశంలో నిషేధం కావచ్చు, ముఖ్యంగా గట్టి నొప్పి మాత్రలు, నిద్రమాత్రలు. ఆ దేశపు రాయబార కార్యాలయం వెబ్‌సైట్‌లో ముందే చూడండి. ఇన్సులిన్‌ను పెట్టెలో అస్సలు వేయకండి. సామాను అరలో చలికి అది గడ్డకట్టవచ్చు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్ళీ కరిగినా వాడకూడదు.

పవర్ బ్యాంకులు, విడి బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి, చెక్‌ఇన్ పెట్టెలో పెట్టకూడదు. లిథియం బ్యాటరీ అంటుకుంటే క్యాబిన్‌లో ఎవరైనా చూసి ఆర్పగలరు, కింద సామాను అరలో ఆ అవకాశం ఉండదు. బ్యాటరీ సామర్థ్యాన్ని వాట్ అవర్లలో కొలుస్తారు. 100 వాట్ అవర్ల వరకు మామూలుగా అనుమతిస్తారు, 100 నుంచి 160 వరకు సంస్థ అనుమతి కావాలి, అది దాటితే కుదరదు. పవర్ బ్యాంకు మీద ఎంఏహెచ్ మాత్రమే ఉంటే దాన్ని 3.7తో గుణించి 1000తో భాగించండి. 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్ అవర్లు, పరవాలేదు. 30,000 అంటే 111, అనుమతి అడగాలి. అక్షరాలు చెరిగిపోయిన పాత పవర్ బ్యాంకును ఇంట్లోనే వదిలేయండి, సెక్యూరిటీ దగ్గర ఆపేస్తారు. 2025 జనవరిలో దక్షిణ కొరియాలోని గిమ్‌హే విమానాశ్రయంలో ఎయిర్ బుసాన్ విమానం ఒకటి నేల మీద ఉండగానే మంటల్లో చిక్కుకుంది. దానికి పవర్ బ్యాంకే కారణమై ఉండొచ్చని దర్యాప్తులో తేలాక చాలా సంస్థలు వాటిని పై అరలో పెట్టనివ్వడం లేదు, ప్రయాణంలో వాడనివ్వడమూ లేదు. సీటు ముందు జేబులోనో, మీ సంచిలోనో కళ్ళెదుట ఉంచుకోండి.

ద్రవాల నియమం 2006లో వచ్చింది. బ్రిటన్‌లో ద్రవ పేలుడు పదార్థాలతో విమానాలు కూల్చే కుట్ర బయటపడిన తర్వాత పెట్టారు. ఒక్కో సీసా 100 మిల్లీలీటర్లు మించకూడదు, అన్నీ కలిపి లీటరు పట్టే పారదర్శక సంచిలో ఇమడాలి. ఇక్కడ చూసేది సీసా పరిమాణం, లోపల ఎంత ఉందన్నది కాదు. 200 మిల్లీలీటర్ల సీసాలో సగం లోషన్ ఉన్నా తీసేస్తారు. టూత్‌పేస్టు, జెల్, క్రీము కూడా ద్రవాల కిందే లెక్క. పసిపిల్లల పాలు, ప్రయాణానికి కావలసిన మందులకు మినహాయింపు ఉంది, వాటిని విడిగా తీసి చూపించాలి. కొత్త స్కానర్లు వచ్చిన కొన్ని విమానాశ్రయాలు ఈ నియమాన్ని సడలించాయి. కానీ మీరు మధ్యలో దిగేది, తిరుగు ప్రయాణంలో ఎక్కేది అలాంటిది కాకపోవచ్చు కాబట్టి 100 లెక్కతోనే సర్దండి. డ్యూటీ ఫ్రీలో కొన్న సీసాను సీలు వేసిన కవరులోంచి ఇల్లు చేరేదాకా తీయకండి, విమానం మారే చోట మళ్ళీ తనిఖీ ఉంటుంది.

వీటన్నిటి తర్వాత మిగిలిన చోటులో ప్రతి మనిషికీ ఒక జత బట్టలు పెట్టండి. పిల్లలకు రెండు జతలు. ఒడిలో బిడ్డ ఉన్నవారికి కూడా అదనంగా ఒక పైబట్ట ఉండాలి, బిడ్డ కక్కితే తడిసేది ఇద్దరూ.

పిల్లల సంచి

నాలుగేళ్ళు దాటిన పిల్లలకు సొంత చిన్న సంచి ఇవ్వండి. అందులో ఒక పుస్తకం, రంగు పెన్సిళ్ళు, హెడ్‌ఫోన్లు, పలచని స్వెటర్, హత్తుకునే బొమ్మ. బొమ్మ ఎప్పుడూ చేతి సంచిలోనే. చప్పుడు చేసే బొమ్మలు, నేల మీద దొర్లిపోయే చిన్న ముక్కలు వద్దు. మా ఇంట్లో పనిచేసిన పద్ధతి ఏంటంటే, రెండు మూడు కొత్త వస్తువులు దాచిపెట్టి గంటకొకటి చొప్పున తీయడం. సినిమాలు, కథలు ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసి, ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి అవి తెరుచుకుంటున్నాయో లేదో ఒకసారి చూసుకోండి.

పిల్లల జేబులో మీ ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి. బయల్దేరే ముందు వాళ్ళు వేసుకున్న బట్టలతో ఒక ఫొటో తీయండి. తప్పిపోతే ఏ రంగు చొక్కా అని గుర్తు తెచ్చుకునే స్థితిలో మనం ఉండం.

ముందురోజు

ఆన్‌లైన్ చెక్‌ఇన్ ఎక్కువ సంస్థల్లో 24 లేదా 48 గంటల ముందు తెరుస్తారు. తెరవగానే చేయండి, లేకపోతే కుటుంబం తలో వరసలో పడుతుంది. అత్యవసర ద్వారం ఉన్న వరసలో పిల్లలను కూర్చోబెట్టనివ్వరు. బోర్డింగ్ పాస్‌లు, పాస్‌పోర్టు మొదటి పేజీలు, వీసాలు, బీమా పత్రం ఇద్దరి ఫోన్లలో ఫొటోలుగా ఉండాలి, కాగితం మీద కూడా ఒక ప్రతి ఉండాలి. అన్ని పాస్‌పోర్టులూ ఎవరి దగ్గర ఉంటాయో ముందే తేల్చుకోండి. ఒక్కరి దగ్గరే, ఒకే అరలో. చేతులు మారితే ఎక్కడ పెట్టామో తెలియక టెన్షన్ పడతాం.

పెట్టెలన్నీ ఇంకోసారి తూచండి. లిఫ్టులోనూ కారులోనూ పట్టేది చూసుకోవడం కూడా ఈ రాత్రి పనే.

విమానాశ్రయంలో

దేశంలోపలి ప్రయాణానికి రెండు గంటలు, విదేశానికి మూడు గంటల ముందు చేరాలి. పిల్లలు, పెద్దవాళ్ళు ఉంటే ఇంకో అరగంట కలపండి. కౌంటర్ విమానం బయల్దేరే సమయానికి కాదు, చాలాచోట్ల గంట ముందే మూసేస్తారు.

కౌంటర్ దగ్గర రెండు పనులు మర్చిపోకండి. మొదటిది, పెట్టెలన్నీ ఒకే పేరు మీద కాకుండా మనిషికొకటి చొప్పున రాయమని అడగండి. సామాను పోతే కట్టించే పరిహారం, విమాన సంస్థల బాధ్యత గురించి దేశాలు చేసుకున్న మాంట్రియల్ ఒప్పందం ప్రకారం ప్రయాణికుడి లెక్కన ఉంటుంది, పెట్టె లెక్కన కాదు. నాలుగు పెట్టెలూ ఒక్కరి పేరు మీద ఉండి అన్నీ పోతే పేచీ వస్తుంది. రెండోది, ట్యాగు మీద ఉన్న, చేరే విమానాశ్రయపు మూడక్షరాల కోడ్ చదవండి. కాలిఫోర్నియాలోని శాన్ హోసే ఎస్‌జేసీ, కోస్టారికా రాజధాని శాన్ హోసే ఎస్‌జేఓ. ఒక్క అక్షరం తేడాతో పెట్టె వేరే దేశం పోతుంది. పెట్టెలు చివరిదాకా వెళ్తాయా, మధ్యలో తీసుకోవాలా అని కూడా అడగండి. అమెరికాలోకి వెళ్తుంటే మొదట దిగే చోటే సాధారణంగా సామాను తీసుకుని, కస్టమ్స్ దాటి మళ్ళీ అప్పగించాలి. ఇచ్చిన రసీదు ముక్కలను పారేయకుండా ఫొటో తీసి దాచండి.

సెక్యూరిటీ దగ్గర ముందు ఒక పెద్దవాళ్ళు దాటాలి, మధ్యలో పిల్లలు, చివర ఇంకో పెద్దవాళ్ళు. అప్పుడు ట్రేలకు అటూ ఇటూ మన మనిషి ఉంటారు. పిల్లల బండిని చాలా సంస్థలు విమానం గుమ్మం దాకా తీసుకెళ్ళనిస్తాయి, దానికి కూడా కౌంటర్‌లోనే ట్యాగు వేయించుకోండి.

విమానంలో

చెవినొప్పి ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడు ఎక్కువ. గాలి ఒత్తిడి మారుతుంటే గొంతుకూ చెవికీ మధ్య ఉన్న సన్నని గొట్టం తెరుచుకోవాలి, మింగినప్పుడు అది తెరుచుకుంటుంది. కాబట్టి విమానం దిగడం మొదలవగానే, అంటే నేల తాకడానికి అరగంట ముందు, చంటిబిడ్డను లేపి పాలు పట్టండి. పెద్ద పిల్లలకు చప్పరించేది ఏదైనా ఇవ్వండి. నిద్రపోతోంది కదా అని వదిలేయాలనిపిస్తుంది, కానీ నిద్రలో మింగడం తక్కువ, లేచేసరికి నొప్పితో లేస్తుంది.

లోపలి గాలి బాగా పొడిగా ఉంటుంది, తేమ 20 శాతం కంటే తక్కువ. ఖాళీ సీసా తీసుకెళ్ళి సెక్యూరిటీ దాటాక నీళ్ళు నింపుకోండి. నాలుగు గంటలు మించిన ప్రయాణంలో పెద్దవాళ్ళు గంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి, కూర్చున్నచోటే మడమలు ఎత్తి దించాలి. కదలకుండా కూర్చుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది.

దిగాక, బెల్టు దగ్గర

పెట్టె రాకపోతే బస, క్యాబ్ అన్నీ పక్కన పెట్టి ఆ హాలు దాటకముందే సామాను విభాగం కౌంటర్‌కు వెళ్ళండి. పీఐఆర్ అనే ఫిర్యాదు పత్రం రాయించుకుని దాని నంబరు తీసుకోండి. అక్కడ అడిగేవి పెట్టె రంగు, కొలత, లోపలున్నవి. మీరు తీసిన రెండు ఫొటోలు, ట్యాగు మీది 10 అంకెల నంబరు అప్పుడు పనికొస్తాయి. పెట్టె పగిలి వస్తే అందిన 7 రోజుల్లోపు, ఆలస్యంగా వస్తే చేతికందిన 21 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఈలోగా తప్పనిసరై కొన్న సబ్బుకు, బట్టలకు రసీదులు ఒక కవరులో వేస్తూ ఉండండి, ఆ ఖర్చు అడగడానికి అవే ఆధారం.

పీఐఆర్ చేతికి వచ్చాక పిల్లలను తీసుకుని బయటికి నడవండి. మార్చుకోవడానికి బట్టలు, మందులు, బొమ్మ మీ భుజానే ఉన్నాయి.